పాఠశాల రసాయనశాస్త్రంలో ఐసోటోపులు, సాపేక్ష పరమాణు ద్రవ్యరాశి: వివరణ, పరిభాష – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

క్లోరిన్ పరమాణు ద్రవ్యరాశి 35.5 అని తొమ్మిదో తరగతి విద్యార్థి నేర్చుకుంటాడు. ప్రకృతిలో మాత్రం 35.5 ద్రవ్యరాశి గల క్లోరిన్ పరమాణువు ఒక్కటి కూడా లేదు. ఈ రెండు విషయాల మధ్య పొత్తు కుదిర్చే భావనలే ఐసోటోపు, సాపేక్ష పరమాణు ద్రవ్యరాశి. ఎన్.సి.ఇ.ఆర్.టి. 2006లో తొలిసారి ప్రచురించిన తొమ్మిదో తరగతి విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకంలో ఈ భావనలను ప్రవేశపెట్టిన క్రమాన్ని, వాటి నిర్వచనాలను, అభ్యాసాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అదే విషయాన్ని తెలుగులో చెప్పేటప్పుడు ‘పరమాణు ద్రవ్యరాశి’ అనే సమాసం వల్ల ఏర్పడే అర్థసందిగ్ధతను విశ్లేషిస్తుంది. విద్యార్థి పొరపాటుకు కారణం గణితం రాకపోవడం కాదనీ, సగటు దేనికి చెందినదో వాక్యం స్పష్టం చేయకపోవడమేననీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఐసోటోపు, సాపేక్ష పరమాణు ద్రవ్యరాశి, ద్రవ్యరాశి సంఖ్య, భారిత సగటు, శాస్త్ర పరిభాష, పాఠ్యపుస్తక విమర్శ.

1. ఉపోద్ఘాతం

తెలుగులో పాఠ్యపుస్తక విమర్శ ఎక్కువగా భాషా వాచకాలకే పరిమితమైంది. కవితల ఎంపిక, పాఠాల అమరిక, మాండలికాల స్థానం వంటి విషయాలపై చర్చ జరిగినంతగా విజ్ఞానశాస్త్ర పాఠాలలోని వాక్యాలపై జరగలేదు. శాస్త్రపాఠంలో విషయం ప్రధానమనీ, వాక్యం దాన్ని మోసే పాత్ర మాత్రమేననీ ఒక అభిప్రాయం ఉంది. అయితే నిర్వచనం కూడా వాక్యమే. దానికీ కర్త, కర్మ, వచనం, విభక్తి ఉంటాయి. అందులో ఒక వచనం మారితే భావన మొత్తం మారిపోయే సందర్భాలు ఉన్నాయి. అటువంటి వాటిలో సాపేక్ష పరమాణు ద్రవ్యరాశి ముఖ్యమైనది.

పాఠశాల రసాయనశాస్త్రంలో ఈ భావన ఒక కూడలి వంటిది. పరమాణు నిర్మాణం నుండి మోల్ భావనకు, అక్కడి నుండి సమీకరణాల ఆధారంగా చేసే లెక్కలకు వెళ్ళే విద్యార్థి దీన్ని దాటి తీరాలి. ఇక్కడ పట్టు తప్పినా లెక్కలు చేయగలుగుతాడు, మార్కులు కూడా వస్తాయి. కాని పట్టికలోని సంఖ్యకూ పదార్థంలోని పరమాణువులకూ ఉన్న సంబంధం అతనికి తెలియకుండానే ఉండిపోతుంది. మార్కులు ఆ లోటును కప్పివేస్తాయి కనుక అది ఉపాధ్యాయుని దృష్టికి రావడం కూడా కష్టం.

2. భావన ఏర్పడిన తీరు

2.1 ఒకే మూలకపు పరమాణువులన్నీ ద్రవ్యరాశిలో సమానమని జాన్ డాల్టన్ భావించాడు. 1808లో వెలువడిన ఆయన గ్రంథం ఈ భావనకు స్థిరత్వాన్ని ఇచ్చింది. పరమాణు భారాలన్నీ హైడ్రోజన్ భారానికి పూర్ణాంక గుణిజాలు కావచ్చునని 1815లో విలియం ప్రౌట్ సూచించాడు. అనేక మూలకాల విలువలు పూర్ణాంకాలకు దగ్గరగా ఉండటం ఈ ఊహకు బలాన్ని ఇచ్చింది. దానికి అడ్డుపడిన మూలకాలలో క్లోరిన్ ముఖ్యమైనది. ఎంత జాగ్రత్తగా కొలిచినా దాని విలువ 35.5 దగ్గరే నిలిచింది. నేడు పాఠశాలలో విద్యార్థిని తికమక పెట్టే సంఖ్య, ఒక శతాబ్దం పాటు శాస్త్రజ్ఞులను తికమక పెట్టిన సంఖ్య ఒకటే.

2.2 పరమాణు భారం సగటు కావచ్చునన్న ఊహ 1886లోనే విలియం క్రూక్స్ చేశాడు. కాల్షియం భారం 40 అన్నప్పుడు పరమాణువులలో ఎక్కువ భాగం 40గా ఉండి, కొన్ని అంతకు కొంచెం తక్కువగా, కొన్ని కొంచెం ఎక్కువగా ఉండవచ్చునని ఆయన సూచించాడు. అప్పటికి దాన్ని నిరూపించే సాధనం లేదు. రేడియోధార్మిక పదార్థాల పరిశోధనలో, భారం వేరైనా రసాయనికంగా ఏ విధంగానూ వేరుచేయడానికి వీలుకాని పదార్థాలు కనిపించాయి. వాటన్నిటికీ ఆవర్తన పట్టికలో ఒకే స్థానం ఇవ్వాలని ఫ్రెడరిక్ సాడీ 1913లో ప్రతిపాదించాడు. ‘ఒకే స్థానం’ అనే అర్థం గల గ్రీకు మాటలతో ‘ఐసోటోపు’ అనే పేరును ఆయనకు సూచించినది వైద్యురాలు, నవలా రచయిత్రి అయిన మార్గరెట్ టాడ్.

2.3 దాదాపు అదే కాలంలో జె.జె. థామ్సన్ నియాన్ వాయువులో 20, 22 ద్రవ్యరాశులు గల రెండు రకాల పరమాణువుల జాడ కనుగొన్నాడు. యురేనియం ఖనిజాలలో లభించే సీసపు పరమాణు భారం సాధారణ సీసపు విలువ కంటే తక్కువని 1914లో టి.డబ్ల్యు. రిచర్డ్స్ బృందం కొలిచి చూపింది. 1919లో ఎఫ్.డబ్ల్యు. ఆస్టన్ నిర్మించిన ద్రవ్యరాశి వర్ణపటలేఖిని క్లోరిన్‌ను 35, 37 అనే రెండు రేఖలుగా విడదీసింది. 35.5 దగ్గర ఏ రేఖా లేదు. జేమ్స్ చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుగొన్నది ఆ తరువాత, 1932లో.

ఈ కాలక్రమం గమనించదగినది. ఐసోటోపు అనే భావన న్యూట్రాన్ కంటే 19 సంవత్సరాలు పెద్దది. ‘ప్రోటాన్లు సమానం, న్యూట్రాన్లు వేరు’ అన్నది ఐసోటోపులకు తరువాత దొరికిన వివరణ మాత్రమే. భావనకు మూలం ‘వేరుచేయలేకపోవడం, భారంలో తేడా ఉండటం’ అనే అనుభవం. పాఠశాలలో వివరణను నిర్వచనంగా మొదటే ఇవ్వడం వల్ల విద్యార్థికి జవాబు ముందు దొరుకుతుంది. అది ఏ ప్రశ్నకు జవాబో మాత్రం తెలియదు.

3. పాఠ్యపుస్తకంలోని క్రమం

3.1 పరిశీలనకు తీసుకున్న పుస్తకంలో మూడో అధ్యాయం పరమాణువులు, అణువులను గురించినది. నాలుగో అధ్యాయం పరమాణు నిర్మాణాన్ని గురించినది. డాల్టన్ ప్రతిపాదనలు, సాపేక్ష పరమాణు ద్రవ్యరాశి నిర్వచనం, కొన్ని మూలకాల విలువల పట్టిక మూడో అధ్యాయంలో ఉన్నాయి. ఐసోటోపులు నాలుగో అధ్యాయంలో వస్తాయి. అంటే సగటు ముందు, ఆ సగటును కలిగించిన భేదం తరువాత.

3.2 ఈ క్రమం వల్ల మూడు చిక్కులు ఏర్పడుతున్నాయి.

మొదటిది, ప్రమాణానికి సంబంధించినది. కార్బన్-12 పరమాణువు ద్రవ్యరాశిలో 12వ వంతుతో పోల్చి చెప్పడమే సాపేక్ష పరమాణు ద్రవ్యరాశి. ఐసోటోపులంటే తెలియని విద్యార్థికి ‘కార్బన్-12’లోని 12 ఎందుకో అర్థం కాదు. కార్బన్ అంతా 12 అయినప్పుడు పేరు పక్కన ఆ సంఖ్య ఎందుకన్న సందేహం రావడం సహజం.

రెండవది, పట్టికకు సంబంధించినది. అందులో హైడ్రోజన్ 1, కార్బన్ 12, నైట్రోజన్ 14, ఆక్సిజన్ 16, సోడియం 23 వంటి పూర్ణాంకాల వరుసలో క్లోరిన్ ఒక్కటే 35.5గా నిలుస్తుంది. మిగిలిన విలువలు దగ్గరి పూర్ణాంకానికి సవరించినవి. కార్బన్ అసలు విలువ 12.011. సహజ కార్బన్‌లో దాదాపు 98.9 శాతం కార్బన్-12, దాదాపు 1.1 శాతం కార్బన్-13 ఉండటమే ఇందుకు కారణం. సవరించిన పట్టికలో ఈ విషయం చెరిగిపోయి, కార్బన్ అనే మూలకం, కార్బన్-12 అనే ఐసోటోపు ఒకటేనన్న భ్రమ మిగులుతుంది. సగటు అన్నది క్లోరిన్‌కు మాత్రమే పట్టిన ప్రత్యేక లక్షణంగా కనిపిస్తుంది.

మూడవది, డాల్టన్‌కు సంబంధించినది. ఒకే మూలకపు పరమాణువులన్నిటికీ ద్రవ్యరాశి సమానమని ఒక అధ్యాయంలో చదివిన విద్యార్థి, తరువాతి అధ్యాయంలో అది నిజం కాదని తెలుసుకోవాలి. శాస్త్రం తనను తాను సరిదిద్దుకున్న ఆ ఘట్టాన్ని స్పష్టంగా పేర్కొనకపోతే రెండు పాఠాలు పరస్పరం ఎరగని ఇరుగుపొరుగుల వలె ఉండిపోతాయి.

3.3 ‘ఒకే స్థానం’ అన్న పేరు విషయంలో మరొక ఇబ్బంది ఉంది. ఆ స్థానం ఆవర్తన పట్టికలోనిది. పట్టిక పరిచయం లేని విద్యార్థికి ఐసోటోపు అనే పేరుగానీ, దానికి దగ్గరగా కల్పించిన ‘సమస్థానీయం’ వంటి తెలుగు పదంగానీ అర్థాన్ని తెలుపలేవు. ‘స్థానం’ అంటే పరమాణువు ఉన్న చోటు అనుకునే ప్రమాదం కూడా ఉంది. 2023లో పాఠ్యాంశాల తగ్గింపులో భాగంగా మూలకాల ఆవర్తన వర్గీకరణ అధ్యాయాన్ని ఎన్.సి.ఇ.ఆర్.టి. పదో తరగతి పుస్తకం నుండి తొలగించింది. ఆ పుస్తకాలతో చదువు ముగించి ఇతర కోర్సులకు వెళ్ళే విద్యార్థికి ‘ఒకే స్థానం’ అన్నది చివరి వరకు చిరునామా లేని మాటగానే మిగిలే అవకాశం ఉంది.

4. ‘పరమాణు ద్రవ్యరాశి’: సమాసంలోని సందిగ్ధత

4.1 తెలుగులో ‘పరమాణు ద్రవ్యరాశి’ షష్ఠీ తత్పురుష సమాసం. రెండూ తత్సమ పదాలు కావడం వల్ల పూర్వపదంలో వచనాన్ని తెలిపే గుర్తు లేదు. దీనికి ‘పరమాణువు యొక్క ద్రవ్యరాశి’ అని విగ్రహవాక్యం చెప్పవచ్చు. ‘పరమాణువుల యొక్క ద్రవ్యరాశి’ అని కూడా చెప్పవచ్చు. ‘జనసంఖ్య’ అన్నప్పుడు జనులు అనేకులని లోకానుభవం చెబుతుంది. పరమాణువు విషయంలో అటువంటి లోకానుభవం లేదు. కనుక విద్యార్థి తనకు సులభమైన ఏకవచనాన్నే గ్రహిస్తాడు.

దీని ముందు మూలకం పేరు చేరితే సందిగ్ధత ఇంకా పెరుగుతుంది. ‘క్లోరిన్ పరమాణు ద్రవ్యరాశి 35.5’ అనే వాక్యాన్ని రెండు విధాలుగా విడదీయవచ్చు:

(అ) క్లోరిన్ అనే మూలకానికి పరమాణు ద్రవ్యరాశి అనే పేరుతో ఇచ్చిన విలువ 35.5.
(ఆ) క్లోరిన్ పరమాణువు ఒక్కొక్కదాని ద్రవ్యరాశి 35.5.

మొదటిది సరైనది, రెండవది తప్పు. వాక్యం మాత్రం రెండింటికీ సమానంగా చోటిస్తుంది. ఇంగ్లీషులోనూ ఇటువంటి ఇబ్బంది ఉన్నా, తెలుగు సమాసంలో అది మరింత లోపలికి దాగి ఉంది.

4.2 పుస్తకంలోని నిర్వచనం ఈ సందిగ్ధతను తొలగించదు. ‘పరమాణువు’ను ఏకవచనంలో ఉంచి దాని ‘సగటు ద్రవ్యరాశి’ని గురించి అది మాట్లాడుతుంది. ఒక పరమాణువుకు సగటు ఎలా ఉంటుంది? తెలుగు వాడుకలో ఈ భేదం స్పష్టమైనది. ‘విద్యార్థి సగటు మార్కులు’ అంటే ఒకే విద్యార్థికి వేర్వేరు విషయాలలో వచ్చిన మార్కుల సగటు. ‘విద్యార్థుల సగటు మార్కులు’ అంటే తరగతిలోని అందరి మార్కుల సగటు. ఈ పోలికను అనుసరిస్తే ‘పరమాణువు సగటు ద్రవ్యరాశి’ అన్నప్పుడు ఒకే పరమాణువు ద్రవ్యరాశి ఒకసారి 35గా, మరొకసారి 37గా మారుతుందన్న అర్థం రావాలి. ఉద్దేశించిన అర్థం అది కాదు. ‘పరమాణువుల సగటు ద్రవ్యరాశి’ అన్నదే సరైన రూపం. ఒక్క బహువచన ప్రత్యయం చేరితే నిర్వచనం నిలబడుతుంది.

ఏ ఒక్క క్లోరిన్ పరమాణువుకూ 35.5 అనే భిన్న ద్రవ్యరాశి ఉండదని నాలుగో అధ్యాయం స్పష్టంగానే హెచ్చరించింది. ఇది ప్రశంసించదగిన విషయం. అయితే నిర్వచనంలోనే బహువచనం ఉండి ఉంటే ఆ హెచ్చరిక అదనపు బలం అయ్యేది. ఇప్పుడు అది నిర్వచనం చేసిన నష్టానికి పరిహారంగా మాత్రమే మిగిలింది.

4.3 దీనికి తోడు ఒకే మాట చుట్టూ తిరిగే నాలుగు పదాలు విద్యార్థి ముందుకు వస్తాయి.

ద్రవ్యరాశి సంఖ్య: కేంద్రకంలోని ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం. ఇది లెక్కపెట్టిన సంఖ్య, ఎప్పుడూ పూర్ణాంకమే. క్లోరిన్ ఐసోటోపులకు 35, 37.

ఐసోటోపు ద్రవ్యరాశి: ఒక రకం పరమాణువు ద్రవ్యరాశి. ఇది కొలిచినది. క్లోరిన్-35కు 34.969, క్లోరిన్-37కు 36.966.

సాపేక్ష పరమాణు ద్రవ్యరాశి: సహజ మిశ్రమంలోని పరమాణువుల సగటును ప్రమాణంతో పోల్చగా వచ్చినది. ఇది లెక్కించినది. నిష్పత్తి కనుక దీనికి ప్రమాణం ఉండదు. క్లోరిన్‌కు 35.45.

పరమాణు భారం: పూర్వపు పుస్తకాలలోని పేరు. భారం, ద్రవ్యరాశి వేర్వేరని భౌతికశాస్త్రం చెప్పిన తరువాత కూడా అలవాటుగా కొనసాగుతున్న మాట.

ఒకటి లెక్కపెట్టినది, ఒకటి కొలిచినది, ఒకటి లెక్కించినది. ఈ మూడింటి భేదాన్ని పేర్లు సూచించడం లేదు. ‘ద్రవ్యరాశి సంఖ్య’ను ‘ద్రవ్యరాశి’కి బదులుగా సమస్యలలో వాడటం సౌకర్యమే. ఆ ప్రత్యామ్నాయం ఉజ్జాయింపు అని చెప్పకపోవడమే లోపం.

5. అభ్యాసాల పరిశీలన

5.1 పుస్తకం చూపిన క్లోరిన్ ఉదాహరణలో 35, 37 ఐసోటోపులు 3:1 నిష్పత్తిలో ఉంటాయి. (35 × 75 + 37 × 25) ÷ 100 = 35.5. సరళతకు ఇది మంచి ఉదాహరణ. కొలిచిన విలువలతో చేస్తే (34.969 × 0.7576) + (36.966 × 0.2424) = 35.45 వస్తుంది. 0.05 మేరకు ఉన్న ఈ తేడా తొమ్మిదో తరగతికి అవసరం లేదన్న వాదన సమంజసమే.

5.2 బ్రోమిన్‌పై ఇచ్చిన అభ్యాసం విషయంలో ఆ వాదన నిలువదు. అందులో బ్రోమిన్-79ను 49.7 శాతంగా, బ్రోమిన్-81ను 50.3 శాతంగా ఊహించమన్నారు. సమాధానం 80.006. ప్రకృతిలో పరిస్థితి దీనికి విరుద్ధం: బ్రోమిన్-79 దాదాపు 50.7 శాతం, బ్రోమిన్-81 దాదాపు 49.3 శాతం. ప్రామాణిక విలువ 79.90. అంటే పుస్తకంలోని శాతాలు తేలికైన ఐసోటోపును తక్కువగా, బరువైనదాన్ని ఎక్కువగా చూపుతున్నాయి. సమాధానం 80కి పైన నిలుస్తుంది. పట్టికలోని విలువ 80కి దిగువన ఉంటుంది. తన జవాబును పట్టికతో సరిచూసుకునే శ్రద్ధగల విద్యార్థికి ఈ తేడా ఎందుకో తెలియదు. తప్పు తనదేననుకుంటాడు. కల్పిత శాతాలు ఇవ్వదలిస్తే కల్పిత మూలకాన్ని తీసుకోవచ్చు. నిజమైన మూలకం పేరు పెట్టినప్పుడు నిజమైన శాతాలు ఇవ్వడమే న్యాయం.

ఇదే అభ్యాసంలో మరొక మంచి అవకాశం చేజారింది. బ్రోమిన్ సగటు దాదాపు 80. కాని సహజ బ్రోమిన్‌లో బ్రోమిన్-80 లేదు, అది అస్థిరమైనది. సగటు ఒక పూర్ణాంకానికి దగ్గరగా ఉన్నంత మాత్రాన ఆ ద్రవ్యరాశి సంఖ్య గల పరమాణువులు ఉన్నాయని అర్థం కాదన్న పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. 35.5ను చూసి అనుమానించే విద్యార్థి కూడా 80ని చూసి నమ్ముతాడు. ఆ నమ్మకాన్ని ప్రశ్నించే ఉపప్రశ్న ఒక్కటి అక్కడ ఉండవలసింది.

5.3 మరొక అభ్యాసంలో ‘ఎక్స్’ అనే మూలకపు నమూనాకు సగటు 16.2గా ఇచ్చి, 16, 18 ద్రవ్యరాశి సంఖ్యలు గల ఐసోటోపుల శాతాలు అడిగారు. సమాధానం 90, 10. అయితే ఆ ఐసోటోపుల పరమాణు సంఖ్య 8 అని చూపారు. పరమాణు సంఖ్య 8 గల మూలకం ఆక్సిజన్ ఒక్కటే. సహజ ఆక్సిజన్ విలువ 15.999, అందులో ఆక్సిజన్-16 దాదాపు 99.76 శాతం. పరమాణు సంఖ్యే మూలకానికి గుర్తింపు అని అదే అధ్యాయంలో నేర్చుకున్న విద్యార్థికి ఇక్కడ ‘ఎక్స్’ అన్న ముసుగు నిలువదు.

అయినా ఈ అభ్యాసాన్ని పూర్తిగా తప్పు అనలేము. అందులోని ‘నమూనా’ అనే మాట దాన్ని కాపాడుతుంది. బరువైన ఐసోటోపు పాలు కృత్రిమంగా పెంచిన ఆక్సిజన్ నమూనాకు 16.2 సగటు ఉండవచ్చు. నిజానికి ఈ ‘నమూనా’ అన్న మాటలోనే నేటి శాస్త్రదృష్టి అంతా ఉంది. సాపేక్ష పరమాణు ద్రవ్యరాశి నమూనాను బట్టి మారగలదు. పుస్తకం ఆ మాట వాడింది గాని దాని వెనుక ఉన్న విషయాన్ని వివరించలేదు.

6. స్థిరమైనదన్న భ్రమ

6.1 పరమాణు ద్రవ్యరాశుల చరిత్రలో ప్రమాణమే రెండుగా చీలిన సందర్భం ఉంది. 1929లో ఆక్సిజన్‌కు 17, 18 ఐసోటోపులు ఉన్నాయని తెలిసింది. అప్పటి వరకు ఆక్సిజన్ = 16 అన్నదే ప్రమాణం. ఆ తరువాత రసాయనశాస్త్రజ్ఞులు సహజ ఆక్సిజన్ మిశ్రమాన్ని 16గా, భౌతికశాస్త్రజ్ఞులు ఆక్సిజన్-16ను మాత్రమే 16గా తీసుకోవడంతో రెండు కొలమానాలు ఏర్పడ్డాయి. 1960–61లో కార్బన్-12ను ఇరుపక్షాలూ అంగీకరించడంతో ఆ చీలిక ముగిసింది. మిశ్రమాన్ని ప్రమాణంగా తీసుకోరాదనీ, ఒకే ఐసోటోపును తీసుకోవాలనీ ఆ అనుభవం నేర్పింది. పాఠంలో ‘కార్బన్-12’ అన్న మాట వెనుక ఉన్న కారణం ఇదే.

6.2 అంతర్జాతీయ శుద్ధ, అనువర్తిత రసాయనశాస్త్ర సంఘం 2010లో వెలువరించిన పట్టికలో హైడ్రోజన్, కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్, క్లోరిన్ సహా 10 మూలకాలకు ఒకే విలువకు బదులు అవధులను ఇచ్చింది. క్లోరిన్‌కు 35.446 నుండి 35.457 వరకు, కార్బన్‌కు 12.0096 నుండి 12.0116 వరకు. తరువాతి సవరణలలో సీసానికి 206.14 నుండి 207.94 వరకు విస్తృతమైన అవధి ఏర్పడింది. 1914లో యురేనియం ఖనిజాల సీసంలో కనిపించిన తేడాకు ఇది శతాబ్దం తరువాతి ముద్ర. భూమిపై పదార్థం పుట్టుకను బట్టి, అది పొందిన మార్పులను బట్టి ఐసోటోపుల పాళ్ళు కొద్దిగా మారుతాయి. ఈ అవధులను తొమ్మిదో తరగతిలో కంఠస్థం చేయించనవసరం లేదు. పట్టికలోని సంఖ్య ప్రకృతి నియమం వంటిది కాదని, సాధారణంగా లభించే పదార్థాన్ని వర్ణించే విలువ అని ఒక్క వాక్యం చెబితే చాలు.

6.3 ‘ఐసోటోపుల రసాయన ధర్మాలు ఒకటే’ అన్న సూత్రం కూడా ఇటువంటిదే. క్లోరిన్-35, క్లోరిన్-37ల మధ్య ద్రవ్యరాశి భేదం 6 శాతం లోపు. ఆ సూత్రం అక్కడ దాదాపు సరిపోతుంది. హైడ్రోజన్ విషయంలో డ్యుటీరియం ద్రవ్యరాశి దాదాపు రెట్టింపు. తెలంగాణలోని మణుగూరు భారజల కర్మాగారం పనితీరు ఈ భేదంపైనే ఆధారపడి ఉంది. అక్కడ నీటికీ హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుకూ మధ్య డ్యుటీరియం మార్పిడి జరుగుతుంది. చల్లని స్తంభంలో డ్యుటీరియం నీటివైపు ఎక్కువగా చేరుతుంది. వేడి స్తంభంలో ఆ మొగ్గు తగ్గి వాయువులోకి మళ్ళుతుంది. ఈ మార్పిడిని పలుమార్లు జరిపి, సహజ జలంలో దాదాపు 6,400 హైడ్రోజన్ పరమాణువులకు ఒకటిగా ఉన్న డ్యుటీరియం పాలును పెంచుతారు. రసాయన ధర్మాలు అక్షరాలా ఒకటే అయితే ఈ మార్పిడికి అవకాశమే లేదు. ఈ ఉదాహరణను చూపే తెలుగు ఉపాధ్యాయుడు గోదావరి తీరం దాటి పోనక్కరలేదు.

7. ప్రత్యామ్నాయ వివరణ

7.1 నాలుగు బస్తాలలో మూడింటి బరువు 35 కిలోలు, ఒకదాని బరువు 37 కిలోలు అనుకుంటే మొత్తం 142 కిలోలు, సగటు 35.5 కిలోలు. 35.5 కిలోల బస్తా ఒక్కటీ లేదు. (35 + 37) ÷ 2 = 36 అని చేయడం ఎందుకు తప్పో కూడా దీని ద్వారా తెలుస్తుంది: రెండు రకాల బస్తాలు సమాన సంఖ్యలో లేవు. ‘భారిత సగటు’ అనే గణిత పదం చెప్పకముందే దాని అర్థం విద్యార్థికి అందుతుంది.

ఈ పోలికకూ ఒక హద్దు ఉంది. క్లోరిన్ పరమాణువులు నాలుగేసి చొప్పున జట్టు కట్టి ఉండవు. యాదృచ్ఛికంగా తీసుకున్న నాలుగు పరమాణువులూ 35 కావచ్చు. అయినా సగటు ఉపయోగపడటానికి కారణం సంఖ్య. 0.0585 మిల్లీగ్రాముల ఉప్పు రేణువులోనే దాదాపు 6 లక్షల కోట్ల లక్షల, అంటే 6 × 10 ఘాతం 17 క్లోరిన్ పరమాణువులు ఉంటాయి. అంత పెద్ద సమూహంలో పాళ్ళు కదలవు. బస్తాలను ఒక్కొక్కటిగా తూచవచ్చు. ప్రయోగశాలలో పరమాణువులను మూకుమ్మడిగానే తూచగలం. అందుకే రసాయనశాస్త్రానికి సగటు అవసరమైంది. సగటు ఎలా కట్టాలన్నది మాత్రమే చెప్పి, ఎందుకు కట్టవలసి వచ్చిందో చెప్పకపోవడం ప్రస్తుత పాఠంలోని అసలు వెలితి.

7.2 అవగాహనను పరీక్షించడానికి సూత్రంలో ప్రతిక్షేపించే లెక్క చాలదు. క్లోరిన్ వాయువులో 71 ద్రవ్యరాశి గల అణువులు ఎన్ని అని అడిగితే విద్యార్థి ఆలోచించక తప్పదు. రెండేసి పరమాణువులు కలిసినప్పుడు 70, 72, 74 మాత్రమే సాధ్యం; అవి 9:6:1 నిష్పత్తిలో ఉంటాయి. వాటి సగటు 71. కాని 71గా ఉన్న అణువు ఒక్కటీ లేదు. సగటును, వ్యక్తిని వేరుగా చూడగలిగిన విద్యార్థి మాత్రమే ఈ జవాబు చెప్పగలడు.

7.3 పై చర్చ ఆధారంగా పాఠ్యక్రమం ఈ విధంగా ఉండవచ్చు:

1. క్లోరిన్ 35.5 అన్న చారిత్రక సమస్యను ముందుగా ప్రశ్నగా ఉంచడం.
2. ఐసోటోపులను పరిచయం చేసి, డాల్టన్ ప్రతిపాదన ఎక్కడ సవరణకు లోనైందో చెప్పడం.
3. ప్రమాణానికి ఒకే ఐసోటోపు ఎందుకు కావాలో వివరించి కార్బన్-12ను ప్రవేశపెట్టడం.
4. ఆ తరువాతనే సాపేక్ష పరమాణు ద్రవ్యరాశిని నిర్వచించడం.
5. పట్టికలో కార్బన్‌కు 12.011, క్లోరిన్‌కు 35.45 చూపి, లెక్కల కోసం సవరించిన విలువలు వేరే వరుసలో ఇవ్వడం.

నిర్వచనం ఇలా ఉండవచ్చు: ‘ఒక మూలకపు సహజ నమూనాలోని పరమాణువుల సగటు ద్రవ్యరాశి, ఒక కార్బన్-12 పరమాణువు ద్రవ్యరాశిలో 12వ వంతుకు ఎన్ని రెట్లు ఉంటుందో తెలిపే సంఖ్యను ఆ మూలకపు సాపేక్ష పరమాణు ద్రవ్యరాశి అంటారు.’ ఇందులో నమూనా ఉంది, బహువచనం ఉంది, పోలిక ఉంది, ఇది ‘సంఖ్య’ అన్న స్పష్టత ఉంది.

7.4 ఈ సవరణలు పాఠాన్ని బరువెక్కిస్తాయన్న అభ్యంతరం రావచ్చు. తొమ్మిదో తరగతిలో సరళీకరణ తప్పనిసరి అన్నది నిజం. అయితే పై సూచనలలో అధిక భాగం కొత్త విషయాన్ని చేర్చడం లేదు. ఉన్న విషయాల క్రమాన్ని, వాక్యాల వచనాన్ని, అభ్యాసాలలోని అంకెలను మాత్రమే సవరిస్తున్నాయి. సరళీకరణ పై తరగతిలో విస్తరించడానికి వీలైనదిగా ఉండాలి. పై తరగతిలో చెరిపివేయవలసి వచ్చేది సరళీకరణ అనిపించుకోదు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. సగటును ముందు, దానికి కారణమైన ఐసోటోపులను తరువాత చెప్పడం వల్ల నిర్వచనం ఆధారం లేకుండా నిలుస్తోంది. ‘పరమాణు ద్రవ్యరాశి’ అనే సమాసంలో వచనం అంతర్హితం కావడం వల్ల సమూహానికి చెందిన విలువ వ్యక్తికి అంటుకుంటోంది. నిజమైన మూలకాల పేర్లతో వాస్తవానికి సరిపడని అంకెలు ఇవ్వడం వల్ల, పుస్తకాన్ని ప్రకృతితో సరిచూసుకునే అలవాటే దెబ్బతింటోంది. ఈ మూడింటిలో చివరిది అత్యంత హానికరం. మొదటి రెండూ ఒక భావనను మసకబారుస్తాయి. మూడవది శాస్త్రదృష్టినే మసకబారుస్తుంది.

ప్రౌట్ నుండి ఆస్టన్ వరకు శాస్త్రజ్ఞులు 35.5 అనే అంకెను మింగుడుపడని విషయంగా భావించారు. దానికి వివరణ చివరకు ఐసోటోపులలో దొరికింది. నేటి పాఠం ఆ అంకెను కంఠస్థం చేయవలసిన విలువగా అందిస్తోంది. అర పరమాణువు ఎక్కడి నుండి వచ్చిందని తరగతిలో ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నను పాఠానికి ఆటంకంగా చూడరాదు. పాఠం అక్కడే మొదలు కావాలి. ఆ ప్రశ్నకు చోటిచ్చే విధంగా వాక్యాన్ని దిద్దడం తెలుగులో శాస్త్ర గ్రంథాలు రచించేవారి, అనువదించేవారి బాధ్యత.